మందు కొట్టని ఆదివారం

"మొగపిల్లగాడు బట్టలుతుకుడేందే? నువ్వు సచ్చినవా?"

మా అత్త కిష్టవ్వ ఆ మాట అన్నప్పుడు నేను పొయ్యి దగ్గర ఉన్నాను. బయట నీళ్ల తొట్టి పక్కన నా కొడుకు శివ తన బనియన్లు తానే పిండుకుంటున్నాడు. పదిహేనేళ్లవాడు, పదో తరగతి. పది రోజులుగా ఇదే వరస. అందరికంటే ముందు లేచి స్నానం చేస్తాడు. విడిచిన బట్టలు నా చేతికివ్వడు. ఉతికినవి పెరట్లో తీగ మీద వెయ్యకుండా గదిలో తలుపు వెనక ఆరేసుకుంటాడు.

"ఉతుకనియ్యి అత్తా. నేర్సుకుంటే చేతులరుగుతయా?"

"నేర్సుకొని ఏం జేస్తడు, అత్తగారింటికి కోడలుగ పోతడా?"

ఉతకనివ్వమని పైకి అన్నానే గాని నాకూ గుబులుగానే ఉంది. ఇంట్లో మనుషుల సంగతి ఆడదానికి సగం తెలిసేది వాళ్ల బట్టల్లోంచే. ఎవరికి జ్వరం తగిలి చెమట పట్టింది, ఎవరు తాగి ఎక్కడ పడ్డారు, ఎవరు ఏడ్చి చెంగుతో తుడుచుకున్నారు, అన్నీ రాయి మీద పెట్టగానే తెలుస్తాయి. పదిహేడేళ్లుగా ఈ ఇంటి బట్టలన్నీ నా చేతులమీదుగానే పోయాయి. ఒక్క ఆదివారం బట్టలు మాత్రం వేరు. ఆదివారం శివ మా మూడెకరాల పత్తి చేనుకు పురుగుమందు కొడతాడు. ఆ చొక్కా, ఆ ప్యాంటు విడిగా నానబెడతాను. మూడు నీళ్లు మార్చినా వాసన పోదు. ఉతికిన పూట ఎన్నిసార్లు సబ్బు రుద్దుకున్నా అన్నం ముద్దలో అదే వాసన. ఒకసారి మా ఆయన గోపాల్‌తో అంటే నవ్వాడు. "ముట్టినదానికే గింత జేస్తున్నవ్, కొట్టేటోడు ఏమనాలె?" అన్నాడు. కొట్టేవాడు తన కొడుకేనన్న సంగతి ఆ నవ్వులో ఎక్కడా లేదు.

గోపాల్ చేర్యాలలో ఒకాయన దగ్గర ట్రాక్టరు తోలుతాడు. తెల్లారి పోతే చీకటి పడ్డాక వస్తాడు. నేను ఊళ్లో హైస్కూల్లో మధ్యాహ్న భోజనం వండుతాను. నూట నలభై మంది పిల్లలకు అన్నం, పప్పు, గుడ్లు. అది పని కాదని మా ఇంట్లో అందరి నమ్మకం. "గాడ వండుతవ్, ఈడ వండుతవ్, ఒక్కటే గదా" అంటుంది మా అత్త. చేనుకు మందు కొట్టడం మాత్రం పని. అది మగవాడు చేస్తాడు. ఐదో తరగతిలో ఉన్నప్పుడు శివ నీళ్లు మోసి మందు కలిపేవాడు. ఏడో తరగతికొచ్చేసరికి వాళ్ల బాపు తన మందు పంపు వాడి వీపుకెత్తాడు. ఆ రోజు మా అత్త కొబ్బరికాయ కొట్టినంత పని చేసింది. "మావోడు పంపెత్తిండు, మొగోడైండు" అని వాడంతా చెప్పుకొచ్చింది. నేనేం చేశాను? వాడి ముక్కుకు చేతిరుమాలు కట్టి పంపాను. వచ్చాక చల్ల పోసి అన్నం పెట్టాను. ఆ రుమాలు కట్టడమే తల్లి చేయగలిగిన పని అనుకున్నాను.

కొన్ని నెలలుగా వాడిలో ఏదో తేడా. ఉడికిపోయే ఎండలో చొక్కా లోపల రెండు బనియన్లు. బడిలో ఆటల పీరియడ్ వస్తే కడుపునొప్పి అని చెట్టుకింద కూర్చుంటాడు. ఒకరోజు నేను అన్నం వడ్డిస్తుంటే వరసలో వెనకనుంచి ఎవడో "చెల్లెకు ఇంకో గుడ్డెయ్యున్రి" అన్నాడు. పిల్లలంతా నవ్వారు. చెల్లె ఎవరా అని నేను అమ్మాయిల వరస వైపు చూశాను. అక్కడెవరూ లేరు. నా ముందు పళ్లెం పట్టుకుని శివ నిలబడి ఉన్నాడు. తలెత్తలేదు. వాడి తోటివాళ్లకు గొంతులు మారి, మూతి మీద నూగు వచ్చి, తలుపంత ఎత్తయ్యారు. నావాడి గొంతు ఇప్పటికీ పన్నెండేళ్ల పిల్లవాడి గొంతే. అది నాకు కనబడలేదని కాదు. కనబడినదాన్ని ఎవరితో, ఏ మాటల్లో అనాలో తెలియలేదు. కూతురు పుష్పవతి కావడం ఆలస్యమైతే వాడంతా అడుగుతుంది. కొడుకు విషయంలో అలాంటి ప్రశ్నే లేదు మా దగ్గర.

ఆ ఆదివారం శివ చేనునుంచి తడిసి ముద్దయి వచ్చాడు. గాలి ఎదురు తిరిగి మందంతా మీదే పడిందట. స్నానాల గదిలోకి పోయినవాడు ఎంతకీ రాలేదు. డోకు చప్పుడు, తర్వాత చెంబు కింద పడ్డ చప్పుడు వినబడ్డాయి. తలుపు తోశాను. కింద కూలబడి ఉన్నాడు. చొక్కా విప్పి ఉంది. ఛాతీ చుట్టూ బిగించి కట్టిన గుడ్డ. నా పాత చీర కొంగు నిలువుగా చింపి, మూడు చుట్లు చుట్టి, పిన్నీసు పెట్టాడు. గుడ్డ కూడా మందుతో తడిసిపోయింది.

"సూడకే అమ్మా" అన్నాడు. ఏడుపు కూడా రావడం లేదు వాడికి. "బయటికి పో. సూడకు."

నేను పోలేదు. ముందు ఆ తడిగుడ్డ తీయాలనిపించింది. పిన్నీసు విప్పి చుట్లు తీస్తుంటే చర్మం మీద ఎర్రటి చారలు. ఆడపిల్లకు మొదట్లో వచ్చినట్టు రెండు వైపులా చిన్న ఉబ్బు. నేను చూపు తిప్పుకోలేదు, నిలిపి చూడనూ లేదు. చెంబుతో నీళ్లు పోస్తూనే ఉన్నాను. ఎనిమిదేళ్ల తర్వాత నా కొడుక్కి మళ్లీ నీళ్లు పోస్తున్నాను.

"ఎన్ని దినాలైంది బిడ్డా?"

"ఎండకాలం నుంచి." గోడ వైపు తిరిగాడు. "గదొక్కటే గాదమ్మా. నేను అందరి లెక్క లేను."

ఆ మాట అనడానికి వాడికి ఎంత కష్టమైందో గోడ వైపు తిరిగిన వీపులోనే తెలిసింది.

"దవాఖానకు పోదాం."

"బాపుకు చెప్పకు. నాయినమ్మకు అసలే చెప్పకు. చెప్తే నేను యాడికన్న పోత."

"చెప్ప."

"ఒట్టెయ్యి."

తడి చేతిని వాడి నెత్తి మీద పెట్టాను.

మంగళవారం బడికి సెలవు పెట్టించి, ఆధార్ కార్డులో పుట్టిన తేదీ తప్పుంది, సరి చేయించాలని ఇంట్లో చెప్పి చేర్యాలలో సిద్దిపేట బస్సెక్కాం. నాకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్టు. కండక్టరమ్మ శివ వైపు ఒక్క చూపు చూసి, అడగకుండానే హాఫ్ టికెట్టు కొట్టి నా చేతిలో పెట్టింది. పన్నెండు లోపు పిల్లలకిచ్చేది. నేను నోరు తెరవబోయాను. శివ నా మోచెయ్యి నొక్కాడు. సిద్దిపేట దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. పదో తరగతి చదివే పిల్లవాడు అంతమంది ముందు లేచి నాకు పదిహేనేళ్లని చెప్పుకునేకంటే పసివాడిగా ఉండిపోవడమే మేలనుకున్నాడు.

సిద్దిపేట దవాఖానలో డాక్టరు పేరు సందీప్. నలభై లోపు మనిషి. నన్ను బయట కూర్చోమని చెప్పే ముందు శివనే అడిగాడు, అమ్మ ఉండాలా వద్దా అని. వాడు వద్దన్నాడు. అరగంట నేను బెంచీ మీద కూర్చుని తలుపు చూస్తున్నాను. తర్వాత లోపలికి పిలిచారు. టేబులు మీద ఒక దారానికి గుచ్చిన చెక్క గుండ్ల దండ ఉంది. చిక్కుడు గింజంత నుంచి చిన్న కోడిగుడ్డంత దాకా వరసగా పెరుగుతూ ఉన్నాయి. మగపిల్లల బీజాలు ఎంత ఎదిగాయో వాటితో పోల్చి చూస్తారట. డాక్టరు శివ వైపు చూసి, "అమ్మకు చెప్పనా?" అన్నాడు. వాడు తలూపాక ఒక గుండు పట్టుకుని, "పదిహేనేళ్లకు సాధారణంగా ఇక్కడికి రావాలమ్మా" అన్నాడు. తర్వాత వేలు బాగా వెనక్కి జరిపి, "మనం ఇక్కడున్నాం" అన్నాడు. వీడు అనలేదు, మనం అన్నాడు. అందుకు ఆయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

"ఛాతీ ఉబ్బడం ఈ వయసులో చాలామంది మగపిల్లలకు వస్తుంది. ఎక్కువమందికి దానంతటదే తగ్గిపోతుంది. మిగతా ఎదుగుదలే ఆలస్యంగా ఉంది. రక్తపరీక్షలు రాస్తాను, వచ్చే బుధవారం రండి. ఒకటడుగుతా. ఆ చేతుల మీద మచ్చలేంటి?"

"మందు కొడతడు సార్. పత్తికి."

"ఎన్నేళ్ల నుంచి?"

"ఏడో తరగతి నుంచి." చెబుతుంటే నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది. "అంతకుముందు కలిపేటోడు."

"చేతులతోనా?"

"కట్టెతోని. ఒక్కోసారి చేతులతోనే."

ఆయన కలం పక్కన పెట్టాడు. "పురుగుమందుల్లో కొన్ని ఒంట్లో తయారయ్యే హార్మోన్లకు అడ్డం పడతాయమ్మా. ఈ వయసులో ఆ హార్మోన్లే పిల్లవాణ్ణి మగవాడిగా తయారు చేసేవి. మందు కొట్టే పిల్లల్లో ఎదుగుదల వెనకబడ్డట్టు, పెద్దయ్యాక పిల్లలు పుట్టడం కష్టమైనట్టు కొన్ని పరిశోధనల్లో కనబడింది. మీవాడికి అదే కారణమని నేను కాగితం మీద రాయలేను. వేరే కారణాలూ ఉండొచ్చు, అందుకే పరీక్షలు. కాని మందు మానేయడానికి కాగితం దాకా ఆగక్కర్లేదు. ఇవాళ్టి నుంచే పంపు ముట్టొద్దు. కొట్టిన చేనులోకి పోవద్దు. చాలామంది పిల్లలు అందుకుంటారు. భయపడకండి." తర్వాత ఏదో రాసుకుంటూ మామూలుగా అడిగాడు. "ఇంకా పిల్లలెంతమంది?"

"లేరు సార్. వీడొక్కడే."

"వాళ్ల నాన్న కూడా మందు కొడతారా?"

"చిన్నప్పటి సంది. పన్నెండేండ్ల వయసు నుంచి."

ఆయన రాసుకున్నాడంతే. నాకు మాత్రం పాత కాగితం ఒకటి గుర్తొచ్చింది. శివ పుట్టాక నాకు మళ్లీ కడుపు రాలేదు. వాడికి నాలుగేళ్లప్పుడు నేను ఒక్కదాన్నే ఇదే సిద్దిపేటకు వచ్చి స్కానింగు, రక్తం, ట్యూబుల పరీక్ష అన్నీ చేయించుకున్నాను. ట్యూబుల పరీక్షప్పుడు నొప్పికి మంచం పట్టీ కొరికాను. అంతా బాగుందని, మీ ఆయన్ను తీసుకురమ్మని రాసిచ్చారు. ఇంటికొచ్చి చెబితే గోపాల్ నవ్విన నవ్వు ఇంకా గుర్తుంది. "ఒక కొడుకును పుట్టిచ్చిన మొగోణ్ణి. నాకు పరీక్షేందే?" మా అత్త వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ చెప్పేది, "ఒక్క కాన్పుకే ఎండిపోయింది మా కోడలు" అని. శ్రీమంతాలకు నన్ను పిలిచేవాళ్లు గాని, గాజులు తొడగడానికి ముందుకు రమ్మనేవాళ్లు కాదు. పదకొండేళ్లు నేనే ఎండిపోయాననుకుని బతికాను. అన్నీ బాగున్నాయని రాసిన కాగితం చదివిన కళ్లతోనే, వాళ్ల మాట నమ్మాను.

తిరుగు బస్సులో శివ అడిగాడు. "అమ్మా, నేను పంపెత్తకపోతే బాపు ఏమంటడు?"

"నేను చూసుకుంట."

"నాయినమ్మ గదే గదా అంటది, పంపెత్తినోడే మొగోడని." గొంతు తగ్గించాడు. "మల్ల గదే గిట్ల జేసిందా నన్ను?"

వాడి చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోలేదు.

శనివారం సాయంత్రం, ఇంకా వెలుగుండగానే గోపాల్ వచ్చాడు. వస్తూనే అరుగు మీద కూర్చుని చెప్పులు విసిరాడు.

"మంగళారం సిద్దిపేట దవాఖాన మెట్ల మీద మిమ్మల్ని సూసిండట మన వాడ దుబ్బయ్య. ఆధార్ సెంటరు దవాఖానల పెట్టిన్రా?"

వాకిట్లో బియ్యం చెరుగుతున్న మా అత్త చేట ఆపింది. శివ గదిలో ఉన్నాడు. తలుపు సగం తెరిచి ఉంది.

"మొన్న ఆదివారం కండ్లు తిరిగి పడ్డడు. తీస్కపోయిన" అన్నాను.

"నాకు చెప్పొద్దా?"

"చెప్తే వద్దంటవని."

"ఏమన్నడు డాక్టరు?"

"మందు ముట్టొద్దన్నడు. కొట్టిన చేన్లకు గూడ పోవద్దన్నడు."

గోపాల్ తేలిగ్గా ఊపిరి వదిలాడు. "గంతేనా! కండ్లు తిరుగుడు నాకు తిరగలే? సల్ల తాగి పండుకుంటే పోతది. రేపు కొట్టాలె. దోమ పట్టింది, ఆకు ముడుసుకపోతున్నది. మందు తెచ్చిన."

"వాడు కొట్టడు."

"ఏంది?"

"శివ కొట్టడు. రేపు గాదు, ఎప్పటికీ కొట్టడు."

"ఎందుకు?"

"వద్దన్నరు గనుక."

"ఉట్టిగనే వద్దనరు గదా! ఏం రోగం వానికి? గంత దాసుకునే రోగమేంది?" లేచి నిలబడ్డాడు. "శివా! ఇటు రారా. ఏమైందిరా నీకు?"

తలుపు సందులో వాడి కళ్లు కనబడ్డాయి. నా మీదే ఉన్నాయి. నేను ఒక్క మాట చెబితే చాలు, ఈ పంచాయితీ తెగిపోతుంది. వాళ్ల బాపు నోరు మూతపడుతుంది. కాని ఆ మాట తెల్లారేసరికి ఊరు దాటుతుంది, వాడు ఇల్లు దాటుతాడు. నా నోటికి అడ్డంగా నేనే వేసిన ఒట్టు ఉంది.

"అన్ని రోగాలు మీ పుట్టింటి నుంచే వస్తయి" అంది మా అత్త. "వాళ్ల మేనమామ గట్లనే సన్నగ పీసువోలె ఉంటడు."

"రారా బయటికి!" గోపాల్ గడప వైపు నడిచాడు. నేను అడ్డంగా నిలబడ్డాను. ఇన్నేళ్లలో అతని దారికి అడ్డం నిలబడటం అదే మొదలు.

"వాన్ని అడుగకు. నన్నడుగు. నా సంగతి చెప్త."

"నీ సంగతేంది నడుమ?"

"పదకొండేండ్ల కింద నాకు పరీక్షలైనయి. ఏ దోషం లేదని రాసిచ్చిన్రు. నిన్ను రమ్మన్నరు, నువ్వు రాలే. ఎండిపోయిందన్నరు నన్ను, ఊరంత అన్నది, నేను ఊకున్న. పన్నెండేండ్ల వయసు నుంచి పంపు మోసినోనివి నువ్వు. డాక్టరు నన్నడిగిండు, ఇంకెంతమంది పిల్లలని. వాళ్ల నాయిన గూడ మందు కొడతడా అని. గా రెండు మాటలు పక్కపక్కన పెట్టి అడిగినోడు ఇన్నేండ్లల్ల ఒక్కడు లేడు."

గోపాల్ చెయ్యి లేచింది. "నా ఇంట్ల నిలబడి నా మొగతనం గురించి మాట్లాడుతున్నవా?"

"నీ మొగతనం గురించి గాదు. నా గురించి మాట్లాడుతున్న."

ఆ చెయ్యి అలాగే ఆగింది. కొట్టి ఉంటే బహుశా నేను నిలబడేదాన్నే. అతను కొట్టలేదు. వెనకనుంచి చేట కింద పెట్టిన చప్పుడైంది.

"గోపాల్‌కు పంపు నేనే ఎత్తిన" అంది మా అత్త. ఎవరితో అంటున్నదో తెలియదు, కింద బియ్యం వైపు చూస్తోంది. "వాని నాయిన పోయిన యాడాది. పన్నెండేండ్ల పోరడు. పంపు వాని పిర్రల కిందికొచ్చేది. తువ్వాల మడిచి ఈపు మీదేసి నేనే ఎత్తి కట్టిన. ఏడిసిండు, మండుతుందే అవ్వా అని. మొగపిల్లగానివి ఏడుస్తవా అన్న." తల పైకెత్తి నన్ను చూసింది. "నాకెవలు చెప్పిన్రే? నాకెవలన్న చెప్పిన్రా?"

నా గురించి ఊరంతా చెప్పిన మనిషి. ఆ క్షణంలో ఆమె మీద నాకు కోపం తెచ్చుకుందామన్నా రాలేదు, జాలి కూడా రాలేదు. ఆమెకు చెప్పినవాళ్లు లేరు, నాకు చెప్పినవాళ్లను నమ్మలేదు. ఇద్దరం కలిసి ఇద్దరు పిల్లల వీపులకు పంపులు కట్టాం.

గోపాల్ మళ్లీ అరుగు మీద కూర్చున్నాడు. వీధి లైటు వెలిగింది. అప్పుడు నేల చూపులు చూస్తూ అడిగాడు.

"మరి రేపెవలు కొడ్తరు?"

అడిగింది నన్నే. ఈ ఇంట్లో ఎవరు చేయని పనైనా చివరికి తిరిగి వచ్చి నా ముందే నిలబడుతుంది. కూలీ రాకపోతే కలుపు నేను తీశాను. కరెంటు పోతే బోరు దగ్గర కాపలా నేనున్నాను. 'నేను కొడత' అన్న మాట నాలుక మీదికి వచ్చేసింది కూడా. కొడుకును తప్పించి ఆ పంపు నేనెత్తుకుంటే మంచి తల్లినని అందరూ అంటారు. ఇల్లు మునుపటిలాగే నడుస్తుంది.

"నేను గూడ కొట్ట" అన్నాను. "ఎవలు కొట్టొద్దు. దోమ తిన్నకాడికి తిననియ్యి. మిగిలింది ఏరుదాం. వచ్చే యేడు ఏం పెట్టాలెనో అందరం కూసోని మాట్లాడుదాం."

ఆదివారం ఎవరం చేనుకు పోలేదు. శివ తొమ్మిదింటిదాకా పడుకున్నాడు. ఆదివారం వాడు అంతసేపు పడుకోవడం నేను మూడేళ్లలో చూడలేదు. ట్రాక్టరుకు పోకుండా ఆగిన గోపాల్ రెండుసార్లు చేను దారి పట్టి, ఊరి చివరి నుంచే వెనక్కి వచ్చాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక పళ్లెంలోనే చెయ్యి కడుక్కుని, లేవకుండా కూర్చున్నాడు.

"బుధారం మల్ల పోవాలె గదా మీరు" అన్నాడు.

"ఆఁ."

"నేను గూడ వస్త. నన్ను గూడ సూడుమని జెర నువ్వే చెప్పు డాక్టరుకు."

అది అడగడానికి అతనికి రాత్రంతా పట్టి ఉంటుంది. ఒకప్పుడైతే ఆ గొంతుకే కరిగిపోయి, అతని బదులు సిగ్గు నేను పడి, అతని బదులు మాటలు నేను వెతికేదాన్ని. గదిలోంచి శివ వింటున్నాడు.

"బుధారం వానిది" అన్నాను. "నువ్వు ఇంకో దినం పో."

"ఒక్కణ్ణేనా?"

పళ్లెం తీసుకుని లేచాను.

"నేను ఒక్కదాన్నే పోయిన."